అరటిపండు గుర్తు

ఆ కంపెనీ గుర్తు ఒక అరటిపండు.

దానికి రెండు పొట్టి కాళ్లు, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా సాగిన నవ్వు, పొట్ట మీద మూడు మచ్చలు ఉండేవి. చేతులు లేవు. కంపెనీ తయారుచేసేవి వీడియో గేమ్‌లు. వాటికీ అరటిపండుకూ ఏం సంబంధమని దూరపు ఊళ్ల వాళ్లు అడిగేవారు. ఆ ఊరి వాళ్లు మాత్రం ఎవరూ అడగలేదు. చూడగానే వాళ్లకు తెలిసిపోయేది.

కంపెనీ పెట్టింది ఒక అన్న, ఒక చెల్లెలు. అన్న యంత్రం లోపలి పని చూసేవాడు. చెల్లెలు బొమ్మలు గీసేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె కుడి చెయ్యి పడిపోయింది. అది భుజం నుంచి వేలాడేది, అంతే. పనంతా ఎడమ చేతిదే.

ఆ జ్వరం తగ్గి ఆమె మొదటిసారి సందులోకి వచ్చిన రోజున పిల్లలు ముఖాలు తిప్పుకున్నారు.

"ఒంటిచేత్తో ఏం ఆడుతుంది? ఈ పిల్ల ఏ జట్టులో ఉంటే ఆ జట్టు ఓడిపోతుంది" అన్నారు.

అన్న నడుం మీద చేతులు పెట్టుకుని సందు మధ్యలో నిలబడ్డాడు.

"మా చెల్లి ఆటలో అరటిపండు. ఒప్పుకుంటే సరి. లేదంటే నేనూ ఆడను."

పిల్లలు ఒప్పుకున్నారు. అన్న అందరికంటే బాగా పరుగెత్తేవాడు మరి. అతను లేకపోతే ఆటే లేదు.

ఆటలో అరటిపండు అందరితోపాటు పరుగెత్తుతుంది, దాక్కుంటుంది, గొంతు చించుకుని అరుస్తుంది. ఎవరు ముట్టుకున్నా అవుట్ కాదు. దొంగ అవ్వాల్సిన పని లేదు. దాని గెలుపుకు లెక్క లేదు, ఓటమికీ లెక్క లేదు. కానీ ఆటలో ఉంటుంది. అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోదు.

అన్నాచెల్లెళ్లు పెద్దవాళ్లయ్యాక చేసిన మొదటి గేమ్ పేరు 'సందు'. తెర మీద ఇద్దరు ఒకరినొకరు తరుముకుంటూ గోడలెక్కుతారు, డాబాలు దూకుతారు. వాళ్లకు చెరొక రిమోట్. గేమ్ పెట్టెలో మూడో రిమోట్ కూడా ఉండేది. దాని మీద ఒకే ఒక్క బటన్, అరచేయంత. అది నొక్కితే అరటిపండు గెంతుతుంది.

ఎవరు కొట్టినా దానికి దెబ్బ తగలదు. దానికి పాయింట్లు రావు. పడుకున్న కుక్కను తొక్కి లేపుతుంది. మూసిన తలుపు మీద పడి తెరుస్తుంది. ఆరేసిన దుప్పటి నెత్తిన పడితే అలాగే గుడ్డిగా పరుగెత్తుతుంది. దాని వల్ల గెలిచేవాడు ఓడిపోయేవాడు, ఓడిపోయేవాడు గట్టెక్కేవాడు.

ఆట రానివాళ్ల కోసం పెట్టిన ఆ రిమోట్ కోసమే ఇళ్లలో కొట్లాటలు జరిగాయి.

"అరటిపండు ఇటియ్యరా, నీ మొహం మండ! పొద్దున్నుంచీ నువ్వే నొక్కుతున్నావు" అని అమ్మమ్మలు మనవళ్లను తిట్టారు.

గేమ్ పెట్టె మీద వేసిన బొమ్మే కంపెనీ గుర్తయింది. చెల్లెలు ఎడమ చేత్తో బొమ్మ గీస్తుండగా బ్రష్ నుంచి ముదురు రంగు కారి పొట్ట మీద చుక్కలు పడ్డాయి.

"తుడిచెయ్యనా?" అన్నాడు అన్న.

"ఉండనీ అన్నా. బాగా పండింది" అంది చెల్లెలు.

ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. 'అరటిపండు ఆటలు' అని పేరు రాసి బోర్డు కట్టారు. బోర్డు మీద నుంచి బొమ్మ వచ్చేపోయేవాళ్లందరినీ చూస్తూ ఉండేది. ఆ రోజుల్లో దానికి ఏ దిగులూ లేదు.

*

పట్నంలో పెద్ద కంపెనీలన్నీ కలిసి ఒక సభ పెట్టాయి. అన్నను పిలిచారు. అక్కడ ఒక్కొక్కరి గుర్తు ఒక్కో రకం. ఒకరిది పులి. ఒకరిది పిడుగు. ఒకరివి మంటలు కక్కే కళ్లు. అన్న కోటు జేబు మీద అరటిపండు నవ్వుతోంది.

భోజనాల దగ్గర పులి గుర్తు కంపెనీ పెద్దమనిషి పెరుగన్నం కలుపుకుంటూ ఆ బొమ్మను చూశాడు.

"ఓహో, మీరేనా! ఆటలో అరటిపండు!"

చుట్టూ ఉన్నవాళ్లు పొలమారేలా నవ్వారు.

"కంగారు పడకండి సార్. మీకు మాతో పోటీ లేదు, మాకు మీతో పోటీ లేదు. మేం ఆడుకుంటూ ఉంటాం, మీరు పక్కన గెంతుతూ ఉండండి."

అన్న చేతిలోని ముద్దను కంచంలో వదిలేశాడు.

ఒకటే మాట. సందులో ఆ మాట చెల్లెలిని ఆటలోకి తెచ్చింది. సభలో ఆ మాటే అన్నను గుమ్మం బయట నిలబెట్టింది. మాటలో ఏ తేడా లేదు, అన్న నోటికీ పులివాడి నోటికీ ఉంది తేడా. కోపం రావాల్సింది ఆ నోటి మీద. అన్నకు కోపం అరటిపండు మీద వచ్చింది. అవమానం జరిగినప్పుడు చేసినవాణ్ణి వదిలేసి ఇంట్లోవాళ్ల మీద పడే మగవాళ్లు ఎంతమంది లేరు? అతనూ అదే చేశాడు.

తిరిగి వచ్చాక అతను కుర్చీలో కూర్చోలేకపోయాడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాడు. బయటికి వెళ్లి బోర్డు చూశాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ వెళ్లి చూశాడు. సాయంత్రానికి చిత్రికవాణ్ణి పిలిపించాడు.

వడ్రంగి చిత్రిక పట్టి చెక్కను నునుపు చేస్తాడు. ఇతను కంపెనీల గుర్తులను అలా నునుపు చేసేవాడు. అందుకే అందరూ అతన్ని చిత్రికవాడు అనేవారు. మెత్తగా మాట్లాడేవాడు. ఎవరినీ నొప్పించేవాడు కాదు. 'ఇంకొంచెం తీద్దాం' అన్నది అతని ఊతపదం.

అతను బోర్డు కింద నిలబడి మెడ పైకెత్తి చూశాడు.

"ఈ మచ్చలేంటి సార్?"

"రంగు కారింది."

"పండు మగ్గిపోయిందనుకుంటారు. కంపెనీ కుళ్లిపోతోందనుకుంటారు. తీసేద్దాం."

బోర్డుకు నిచ్చెన వేశారు. మచ్చలను గీకేశారు. గీకిన పొట్టు కింద రాలింది. చెల్లెలు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, మచ్చలు తీసేస్తే అది పచ్చికాయ. కూర వండుకుంటారు."

"ఎవరు వండుతారే? అది బొమ్మ."

"బొమ్మనే కదా నువ్వు వండుతున్నది?"

అన్న నవ్వాడు కానీ నిచ్చెన తీయించలేదు.

*

మచ్చలు పోయిన బొమ్మను చూసి అన్న మధ్యాహ్నం దాకా సంతోషంగా ఉన్నాడు. ఆ తర్వాత కాళ్లు మరీ పొట్టిగా ఉన్నట్టు అనిపించింది. ఆ మర్నాటికి నవ్వు వెకిలిగా తోచింది. ఒకటి తీశాక ఇంకొకటి కంటిలో నలుసులా పొడుస్తోంది. నిచ్చెన బోర్డుకే ఆనించి ఉండిపోయింది. దాన్ని గోడ పక్కన పెట్టే రోజు మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు చిత్రికవాడు కొత్త కబురు తెచ్చాడు.

"ఇప్పుడంతా కోపం నడుస్తోంది సార్. నవ్వే గుర్తును ఎవరూ లెక్కచేయడం లేదు. దీనికి కనుబొమలు పెడదాం. కత్తి ఇద్దాం."

"దానికి చేతులే లేవుగా?"

"పెడదాం."

చేతులు పెట్టారు. కండలు పెట్టారు. కనుబొమలు ముడిపడ్డాయి. అరటిపండు తన చేతిలోని కత్తిని చూసుకుంది.

"ఇది ఎవరిని నరకడానికి?" అని అడిగింది.

"ఎవర్నీ కాదు. ఊరికే పట్టుకో" అన్నాడు చిత్రికవాడు నిచ్చెన మీద నుంచి.

"చెయ్యి నొప్పిగా ఉంది."

"అలవాటవుతుంది."

బోర్డు మీద మారితే ఆటలోనూ మారాలి కదా. లోపల యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు అన్న దగ్గరికి వచ్చారు. కత్తి పట్టినవాడికి దెబ్బ తగలకపోతే మిగతా ఇద్దరికీ అన్యాయం సార్ అన్నారు. న్యాయంగానే వినిపించింది. అన్యాయం చేసేటప్పుడు న్యాయం అన్న మాటను ముందు పంపించడం లోకానికి కొత్త కాదు. కొత్త రిమోట్‌కు రెండు వైపులా బటన్లు వచ్చాయి. అరటిపండుకు దెబ్బలు తగలడం మొదలైంది.

ఒక ఇంట్లో ఒక అమ్మమ్మ ఆ రిమోట్ పట్టుకుని రెండు గెంతులు గెంతింది. తెర ఎర్రబడింది.

"ఇదేంట్రా, పడిపోయాను?"

"అవుటయ్యావు అమ్మమ్మా."

"అరటిపండు అవుటవడమేంట్రా?"

"ఇప్పుడు అవుతుంది. కొత్తది కదా."

ఆమె కాసేపు తెర వంక చూసింది. రిమోట్ చాప మీద పెట్టి, పప్పు మాడుతోందంటూ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పప్పు లేదు. ఆమె మళ్లీ రిమోట్ ముట్టుకోలేదు. అలాంటివాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో ఎవరూ వెళ్లి చూడలేదు.

చెల్లెలు అన్న గదికి వచ్చింది. అతను నిలబడే ఉన్నాడు. ఆమె కూడా కూర్చోలేదు.

"ఎందుకిలా చేశావు?"

"కంపెనీ ఎదగాలి చెల్లీ."

"ఎదగనీ. నేనెక్కడ ఆడుకోవాలి?"

"నువ్వు ఆడటమేంటి? నువ్వు యజమానురాలివి."

"యజమానురాలికి ఒక చెయ్యే ఉంది అన్నా. నీ కొత్త రిమోట్‌కు రెండు కావాలి."

అన్న కిటికీ వైపు నడిచాడు. అక్కడి నుంచి తలుపు వైపు నడిచాడు.

"చూద్దాం" అన్నాడు.

చూద్దాం అంటే ఏమిటో మనవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

*

కోపం రోజులు పోయాయి. మెరుపు రోజులు వచ్చాయి. అరటిపండును గాజులా తళతళలాడించారు, కింద నీడ పెట్టారు. ఆ తర్వాత మెరుపు పాతబడింది. ఫోన్లు వచ్చాయి.

"ఫోన్ తెర మీద వేలిగోరంత చోటులో పట్టాలి సార్. ఇంకొంచెం తీద్దాం" అన్నాడు చిత్రికవాడు.

కత్తి తీశారు. దానితోపాటు చేతులు తీశారు. అరటిపండు తేలికపడి ఊపిరి పీల్చుకుంది. పాత రూపం తిరిగి వస్తోందని ఆశపడింది. అప్పుడు కళ్లు తీశారు. నవ్వు తీశారు.

"నేనేం చేశాను?" అని అడగబోయింది. నోరు అప్పటికే పోయింది.

చివరికి కాళ్లు తీశారు. కాళ్లు పొట్టులా రాలలేదు. దబ్బుమని నేల మీద పడి, లేచి నిలబడి, తుడుచుకున్నట్టు ఒకసారి విదిలించుకుని నడక మొదలుపెట్టాయి. వరండాలోకి వెళ్లాయి. మెట్లెక్కాయి. మెట్లు దిగాయి. టపటపమని ఆ చప్పుడు ఆఫీసంతా వినిపించేది. పనిచేసేవాళ్లు తలెత్తేవారు, మళ్లీ దించుకునేవారు.

"ఏంటా చప్పుడు?" అని అన్న అడిగేవాడు.

"ఏసీ సార్" అనేవారు.

పేరును కూడా చిత్రిక పట్టారు. 'అరటిపండు ఆటలు'లో ఆటలు ఎందుకు, తెలిసిందే కదా అన్నారు. 'అరటిపండు' మిగిలింది. పండు ఎందుకు, పల్లెటూరి సంతలా ఉంది అన్నారు. 'అరటి' మిగిలింది. ఇంకొంచెం తీస్తే 'అర' మిగిలింది.

"అర అంటే సగమా? మిగతా సగం ఎవరు తిన్నారు?" అని జనం నవ్వారు. ఆ నవ్వు అన్నకు పులివాడి నవ్వులాగే వినిపించింది. 'అ' ఒక్కటే మిగిల్చారు. కొన్నాళ్లకు అదీ తీసేశారు. గొప్ప కంపెనీకి పేరు అక్కర్లేదు, గుర్తు చాలు అన్నాడు చిత్రికవాడు.

ఇంతలో చెల్లెలి బల్లను కూడా జరుపుతూ వచ్చారు. పెద్ద గది నుంచి మెట్ల కిందికి మార్చారు. మెట్ల కింద నుంచి ఇంటికి మార్చారు. మార్చిన ప్రతిసారీ "మీకే సౌకర్యంగా ఉంటుందమ్మా" అన్నారు. ఆమె రంగులు, బ్రష్‌లు సంచిలో వేసుకుని, ఆ సంచి ఎడమ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. గేటు దాకా పొట్టి కాళ్లు టపటపమంటూ ఆమె వెంట వచ్చాయి. ఆమె ఆగి చూసింది. కాళ్లు కూడా ఆగాయి. వీధిలోకి మాత్రం రాలేదు. అవి కంపెనీవి.

*

ఇప్పుడు బోర్డు మీద మిగిలింది ఒక్క వంపు. పసుపుపచ్చని వంపు, అంతే.

అన్న ఒకరోజు కారు దిగి, ఎవరికీ తెలియకుండా బోర్డు ఎదుటి టీ కొట్టులో నిలబడ్డాడు. అక్కడ నలుగురు టీ తాగుతూ బోర్డు వైపు చూస్తున్నారు.

"ఏంట్రా అది, కొడవలా?"

"పార్టీ ఆఫీసు కాదురా బాబూ. నెలవంక."

"నెలవంక తెల్లగా ఉంటుంది. అది చెవి."

"నీ చెవి పసుపుపచ్చగా ఉంటుందా? కామెర్లేమో చూపించుకో. నాకైతే కత్తిరించి పారేసిన గోరులా ఉంది."

"అది అరటిపండు" అన్నాడు అన్న, ఉండబట్టలేక.

నలుగురూ అతని వైపు తిరిగి చూశారు. పాపం ఎవరో పెద్దాయన అనుకున్నారు. టీ కొట్టువాడు అతనికి బెంచీ జరిపి "కూర్చోండి బాబాయ్, ఎండగా ఉంది" అన్నాడు.

అన్న కూర్చోలేదు. వేగంగా రోడ్డు దాటి లోపలికి వెళ్లాడు. చిత్రికవాణ్ణి పిలిచాడు. ఇప్పుడు అతన్ని అందరూ సార్ అంటున్నారు.

"తలొక పేరూ పెడుతున్నారు" అన్నాడు అన్న.

"వంకర ఉంది కాబట్టే కదా సార్ ఇన్ని పేర్లు? వంకర తీసేద్దాం. గీతను ఎవరూ ఏమీ అనరు."

వంపును రెండు కొసలా పట్టి సాగదీశారు. అది చాలాసేపు లొంగలేదు. తర్వాత లొంగింది.

ఊరి బయట కొత్త భవనం కట్టారు. సామానుతోపాటు ఆ టపటప చప్పుడు కూడా అక్కడికి మారింది. ఎక్కడ చూసినా గీతే. తలుపుల పిడులు గీతలు. గోడల మీద దీపాలు గీతలు. కప్పుల మీద గీత, చొక్కాల మీద గీత. అన్నిటికంటే పెద్ద గీతను పసుపు రంగు లోహంతో పోత పోయించి, దారికి అడ్డంగా గేటు దగ్గర బిగించారు. దాని పక్కన ఒక యంత్రం. వచ్చినవాళ్ల ముఖం చూస్తుంది. తెలిసిన ముఖమైతే గీత పైకి లేస్తుంది. తెలియని ముఖమైతే ఒక ఆడగొంతు తీయగా "గుర్తు లేదు" అంటుంది.

ఒకప్పుడు ఆ పండు ఆట రానివాళ్లను ఆటలోకి తెచ్చేది. ఇప్పుడు అది అడ్డకర్ర అయింది. ఇలా జరగాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వచ్చారు.

*

కొత్త గుర్తుకు తెర తీసే రోజు వచ్చింది. అన్నకు ఆ ఉదయం ఏం తోచిందో, చెల్లెలికి స్వయంగా ఫోన్ చేశాడు.

"నువ్వు రావాలి. నువ్వు లేకుండా ఎప్పుడు మొదలుపెట్టాం?"

"వస్తాను" అంది చెల్లెలు.

ఆమె ఆటో దిగి గేటు దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. కుడి చెయ్యి అలాగే వేలాడుతోంది. ఎడమ భుజానికి అదే సంచి. గీత ముందు నిలబడింది.

"గుర్తు లేదు" అంది యంత్రం.

కాపలాదారు కంగారుగా లేచాడు. "ఇంకోసారి నిలబడండమ్మా. ఎండ దాని కంట్లో పడుంటుంది."

ఆమె ఒక అడుగు జరిగి నిలబడింది.

"గుర్తు లేదు."

"పక్కన చిన్న గేటు ఏమన్నా ఉందా బాబూ?"

"ఉండేదమ్మా. చూపుకు ఎబ్బెట్టుగా ఉందని మూసేశారు. లెక్కలో లేనివాళ్లకు ఇది లేవదమ్మా, నేనేం చేయను?"

"నేనెప్పుడూ లెక్కలో లేను బాబూ. అప్పట్లో అలాగే ఆడనిచ్చేవారు."

కాపలాదారుకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపి, నీళ్ల సీసా ఇచ్చాడు.

లోపలి నుంచి అన్న వచ్చాడు. వెనకే చిత్రికవాడు. అన్న ఆ వైపు, చెల్లెలు ఈ వైపు, మధ్యలో గీత.

"తియ్యి" అన్నాడు అన్న కాపలాదారుతో.

"నా చేతిలో లేదు సార్. అదే లేవాలి."

అన్న యంత్రం వైపు తిరిగాడు. "ఈమె నా చెల్లెలు. ఈ కంపెనీ ఈమెది."

యంత్రం పలకలేదు.

"దాని కన్ను బయటికే చూస్తుంది సార్" అన్నాడు కాపలాదారు నెమ్మదిగా. "లోపలున్నవాళ్లు చెబితే వినదు. వింటే సిఫార్సులు మొదలవుతాయని ఈ చిత్రిక సారే అలా చేయించారు."

చిత్రికవాడు గొంతు సవరించుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగి మెత్తగా నవ్వాడు.

"ఒక్క క్షణం పనమ్మా. కొంచెం వంగి కింద నుంచి దూరి వచ్చేయండి. ఎవరూ చూడటం లేదు."

"నేనెందుకు వంగాలి బాబూ?" అంది చెల్లెలు. "వంపు దానిది. దాన్నే వంగమను."

లోపల డప్పులు మొదలయ్యాయి. ఎవరో మెట్ల మీదికి వచ్చి చేతులు ఊపారు. "సార్, వచ్చేశారందరూ! పులి కంపెనీ వాళ్లు కూడా వచ్చారు! మీరొచ్చి తెర తీయడమే ఆలస్యం!"

అన్న ఆ వైపు చూశాడు. ఇన్నేళ్లూ అతను ఎదురుచూసింది ఆ పిలుపు కోసమే. పులివాడు ఈ గుమ్మం తొక్కాలని, తల ఎత్తి ఈ గుర్తును చూడాలని. అతని కాళ్లు ఆ వైపు ఒక అడుగు వేశాయి. ఎక్కడో వరండాలో టపటపమని చప్పుడు. ఏసీ చప్పుడు అలా ఉండదని అతనికి ఎప్పుడో తెలుసు.

చెల్లెలు అలిసిపోయింది. ఎండలో అంతసేపు నిలబడే వయసు కాదు. ఎడమ చెయ్యి గీత మీద వేసి దాని మీదికి ఒరిగింది. చెమట పట్టిన వేళ్లు ఆ నున్నటి పసుపు మీద ముద్రలు వేశాయి.

"అమ్మా, ముట్టుకోకండి! మరకలు పడతాయి!" అన్నాడు చిత్రికవాడు. అతని గొంతు పెరగడం అక్కడివాళ్లు మొదటిసారి విన్నారు.

"సార్! రావాలి!" అన్నారు మెట్ల మీది వాళ్లు.

అన్న వెనక్కి తిరిగాడు. దారి మధ్యలో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ముసలి నడుం, నిటారుగా నిలవడానికి కాస్త సమయం పట్టింది.

"మీరు ఆడుకోండి" అన్నాడు. "నేను ఆడను."

డప్పులు తడబడ్డాయి. మెట్ల మీద ఊపుతున్న చేతులు గాలిలోనే ఆగాయి. అన్న గీత దగ్గరికి వచ్చి, చెల్లెలి చెయ్యి పక్కన తన రెండు చేతులూ వేసి బరువంతా ఆనించాడు. ఆమె అతని వైపు చూసింది.

"నువ్వు అవుటయ్యావు అన్నా" అంది.

"అయితే అయ్యాను."

గీత కిర్రుమంది. మధ్యలో కొంచెం కుంగింది. ఇంకొంచెం కుంగింది. దాని పొట్ట మీద ఎడమ చేతి వేళ్ల మరకలు మూడు, ఎండలో ఆరి ముదురు రంగుకు తిరుగుతున్నాయి. చిత్రికవాడు "గుడ్డ తెండి, గుడ్డ!" అని అరుస్తూ ఇటూ అటూ పరుగెత్తాడు. కాపలాదారు భుజం మీద తుండు ఉంది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వరండా మెట్ల మీద టపటపమని చప్పుడు. అది దిగింది. దారి మీదికి వచ్చింది. దగ్గరైంది. వంగిన గీత కిందికి వచ్చి ఆగింది.

యంత్రం కన్ను మెల్లగా తిరిగింది. చెల్లెలి ముఖం చూసింది. గీతను చూసింది. దాని కింద నిలబడ్డ పొట్టి కాళ్లను చూసింది.

"గుర్తు" అంది.

అందరూ ఆగారు. రెండో మాట రాలేదు.